చిట్టీ ముందే ఎత్తాలా, చివరిదాకా ఆగాలా?

మీరు అడిగింది: మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో లక్ష రూపాయల చిట్టీ మొదలుపెడుతున్నారు, 20 మంది, నెలకు 5,000. ముందు పాడుకుంటే లాభమా, ఆగితే లాభమా?

ముందు ఎత్తేవారు అప్పు తీసుకుంటున్నారు, ఆగేవారు ఆ అప్పు ఇస్తున్నారు. కాబట్టి రెండింటికీ వడ్డీ లెక్క కట్టాల్సిందే. మన దగ్గర ఆ ఒక్క పనే ఎవరూ చేయరు. ఫోన్ కొనేటప్పుడు నో కాస్ట్ ఈఎంఐలో ప్రాసెసింగ్ ఫీజు ఎంత, వడ్డీ మీద జీఎస్టీ ఎంత అని పదిసార్లు అడిగేవారు కూడా చిట్టీ దగ్గరికి వచ్చేసరికి "తెలిసినవాళ్లేగా" అని చేరిపోతారు.

లెక్క చూడండి. మొదటి నెల మొత్తం చిట్టీ నడిపేవారిది. ఆ తర్వాత నెలనెలా పాట, అంటే ఎవరు ఎక్కువ మొత్తం వదులుకుంటే ఆ నెల డబ్బు వారికే. 2 నుంచి 6 నెలల వరకు పాట 30,000కు, 7 నుంచి 12 వరకు 20,000కు, 13 నుంచి 19 వరకు 10,000కు పోయిందనుకుందాం. చివరి నెల నడిపేవారి 5,000 కమీషన్ మాత్రమే పోతుంది. పాట 30,000 అయితే అందులో 5,000 కమీషన్ తీసి, మిగిలిన 25,000ను 20 మందికి పంచితే తలకు 1,250. ఆ నెల మీరు కట్టేది 3,750. ఇలా 20 నెలల్లో ఒక్కొక్కరు కట్టేది 87,500.

రెండో నెల ఎత్తినవారికి చేతికొచ్చేది 70,000. కట్టినవి మైనస్‌లో, వచ్చినవి ప్లస్‌లో నెలకో వరుసగా ఎక్సెల్‌లో రాసి ఐఆర్‌ఆర్ ఫార్ములా (కట్టినవి, వచ్చినవి చూసి అసలు వడ్డీ రేటు తేల్చేది) వేస్తే నెలకు దాదాపు 2.7 శాతం వస్తుంది. నూటికి రెండు రూపాయల డెబ్బై పైసల వడ్డీ! చివరిదాకా ఆగి 95,000 అందుకున్నవారికి పడేది నూటికి 90 పైసలు. మధ్యలో తేడా ఎక్కడికి పోయిందంటారా? 19 నెలల కమీషన్ 95,000.

నెలనెలా తగ్గే ఆ 1,250ని డివిడెండ్ అనడం నాకు అస్సలు నచ్చదు. అది లాభం కాదు, ఆ నెల ఎత్తినవారు కట్టిన వడ్డీలో మీ వాటా. పేరు మార్చేసరికి జనం దాన్ని ఊరికే వచ్చిన డబ్బులా ఖర్చుపెట్టేస్తారు.

అసలు నష్టం పాటలో జరుగుతుంది. జూన్ నెల పాట ఎలా ఉంటుందో చెప్తాను. బళ్లు తెరిచారు, ఫీజులు కట్టాలి. రాత్రి 8 నుంచి 8:15 వరకు గ్రూపులో పాట. మొదటి పది నిమిషాలు 18,000, 19,000 అంటూ మెల్లగా నడుస్తుంది. చివరి రెండు నిమిషాల్లో 24, 26, 29! ఒకే గదిలో కూర్చుని పాడే రోజుల్లో పోటీలో ఇద్దరే మిగిలారని కళ్లకు కనిపించేది. "ఈసారి నాకు వదిలెయ్ అన్నా, వచ్చే నెల నీది" అని సర్దుకునేవారు. ఫోన్‌లో ఎదుటివాడి అవసరం కనపడదు, గడియారం మాత్రం కనపడుతుంది. నడిపేవారి మనిషే పాటను ఎగదోస్తున్నా తెలియదు. మీరు పెంచే ప్రతి 1,000లో మీ వాటాగా తిరిగొచ్చేది 50 రూపాయలు, 950 పోయినట్టే.

అందుకే పాటకు ముందే ఒక అంకె కాగితం మీద రాసుకోండి, దాన్ని దాటొద్దు. బ్యాంకులో బంగారం తాకట్టు పెట్టి అప్పు తెస్తే పడే వడ్డీని అడిగి తెలుసుకుని, దాంతో పోల్చి ఆ అంకె తేల్చుకోండి. గొలుసు బ్యాంకులో పెట్టడం నామోషీ, చిట్టీ ఎత్తడం మర్యాద అనుకునేవారు హైదరాబాద్‌లో ఎంతోమంది. ఆ నామోషీ ఖరీదు నెలనెలా వడ్డీలో కడుతున్నారు.

ఇక ఆగాలనుకుంటే 90 పైసల కంటే ముందు జమానతు గురించి అడగండి. ఎత్తినవారి దగ్గర పూచీకత్తు తీసుకోకపోతే వారు కట్టడం మానేసిన రోజున మునిగేది ఆగినవారే. 1982 చిట్ ఫండ్స్ చట్టం ప్రకారం చిట్టీకి ముందస్తు అనుమతి, రిజిస్ట్రేషన్ ఉండాలి. నడిపేవారు చిట్టీ మొత్తానికి సమానమైన డిపాజిట్ చూపాలి. 2019 సవరణ కమీషన్ పరిమితిని 5 నుంచి 7 శాతానికి పెంచింది, పాటకు వీడియోలో హాజరయ్యే వీలూ ఇచ్చింది. కాబట్టి ఫోన్‌లో పాట తప్పు కాదు, రిజిస్ట్రేషన్ లేకపోవడం తప్పు. రిజిస్టర్ అయిన చిట్టీలో గొడవ వస్తే చిట్స్ రిజిస్ట్రార్ దగ్గరికి వెళ్లొచ్చు. అపార్ట్‌మెంట్ చిట్టీలో ఆ దారి ఉండదు.

అయినా చేరతానంటే, యూపీఐలో కట్టిన ప్రతిసారీ నోట్‌లో "చిట్టీ, 7వ నెల" అని రాయండి. ఎవరు ఏ నెల ఎంతకు ఎత్తారో గ్రూపులోనే నమోదు చేయించండి. ఎత్తినవారికి డబ్బు ఎన్ని రోజులకు అందిందో వారినే అడుగుతూ ఉండండి. మూడు రోజుల్లో అందేది పది రోజులు, పదిహేను రోజులు అవుతోందంటే, అదే సమయంలో అదే మనిషి ఇంకో కొత్త చిట్టీ మొదలుపెడుతున్నారంటే, కొత్త చిట్టీ డబ్బుతో పాత బాకీ తీరుస్తున్నారేమోనని అనుమానించాలి. అప్పటికి మీరు ఎత్తకపోతే వడ్డీ లెక్క పక్కనపెట్టి ఆ నెలే పాడుకుని డబ్బు తెచ్చుకోండి.