బ్రిటన్‌లో చదువుకోడానికి వస్తున్నారా? ముందు నోరు తెరిచి అడగడం అలవాటు చేసుకోండి

సెప్టెంబరు దగ్గరపడితే చాలు, ప్రతి ఏడాదీ ఊరి నుంచి ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు, మా వాడు బర్మింగ్‌హామ్‌లో మాస్టర్స్‌కి వస్తున్నాడు, కుక్కర్ తెచ్చుకోవాలా, పచ్చళ్లు ఎన్ని కేజీలు సర్దాలి అని. అవన్నీ ఇక్కడ దొరుకుతాయి, లండన్ ఈస్ట్ హామ్‌ వెళ్తే గోంగూర కూడా దొరుకుతుంది. దొరకనిదల్లా మన ముఖం చూసి సంగతి కనిపెట్టే మనిషి. అడగందే అమ్మయినా పెట్టదంటారు గానీ మన అమ్మలు అడక్కుండానే పెట్టారు, అందుకే మనకి అడగడం రాదు.

నేను వచ్చిన మొదటి డిసెంబరులో జ్వరం పట్టుకుంది. ఊరి నుంచి తెచ్చుకున్న మాత్రలు మింగుతూ నాలుగు రోజులు దుప్పటి ముసుగేసి పడుకున్నాను. ఇంట్లో ఇంకా ఐదుగురున్నా ఒక్కరూ తలుపు తట్టలేదు. మనసు లేక కాదు, తలుపు మూసి ఉంటే కదిలించకూడదని ఇక్కడి పద్ధతి. ఐదో రోజు మంచినీళ్ల కోసం వంటింట్లోకి వెళ్లి, అక్కడున్న పక్క గది అబ్బాయితో ఒంట్లో బాలేదన్నాను. వెంటనే ఆరోగ్య సలహా చెప్పే 111 నంబరుకి ఫోన్ కలిపి నా చేతికిచ్చి, మాట్లాడినంతసేపూ పక్కనే నిలబడ్డాడు. ఎదురైనవాళ్లంతా ‘ఆల్‌రైట్?’ అంటారు, అది ఉత్త పలకరింపు. నిజంగా బాలేకపోతే ఆగి, బాలేదని చెప్పాలి.

అందుకని వచ్చిన వారంలోనే దగ్గర్లోని జీపీ, అంటే మామూలు జబ్బులకి చూసే డాక్టరు దగ్గర పేరు నమోదు చేయించుకోండి. వీసాతో పాటే ఏడాదికి 776 పౌండ్లు ఆరోగ్యానికి కట్టి వచ్చారు, డాక్టర్ని చూస్తే ఫీజు ఉండదు. ఇంగ్లండ్‌లో మందులకి ఛార్జీ ఉంటుంది, స్కాట్లండ్, వేల్స్‌లో అదీ లేదు. ప్రాణం మీదికొస్తే మాత్రం 999కి ఫోన్ చేయండి.

క్లాసులోనూ ఇదే. లెక్చరర్లని పేరు పెట్టి పిలవాలంటే మొదట్లో నోరు రాదు, రెండు వారాల్లో అలవాటవుతుంది. అసైన్‌మెంట్ అందుకోలేమనిపిస్తే గడువు దాటకముందే మెయిల్ పెట్టండి, కారణం ఉంటే వింటారు. టెన్షన్‌లో నెట్‌లోంచి ఎత్తి రాశారో, డబ్బులిచ్చి రాయించారో, ఆ తర్వాత ఎవరూ కాపాడలేరు.

పార్ట్‌టైమ్ సంగతి మాత్రం రూమ్మేట్లని అడగొద్దు, యూనివర్సిటీలో వీసా సంగతులు చూసేవాళ్లనే అడగండి. టర్మ్‌లో, అంటే క్లాసులు నడిచే రోజుల్లో, వారానికి 20 గంటలే పని, సోమవారం నుంచి ఆదివారం దాకా, రెండు చోట్ల చేస్తే రెండూ కలిపి. మన పిల్లలు ఎక్కువగా దెబ్బతినేది వేసవిలో. బ్యాచిలర్స్ వాళ్లకి అప్పుడు సెలవులు, ఫుల్‌టైమ్ చేసుకుంటారు. అది చూసి మాస్టర్స్ వాళ్లూ దిగిపోతారు, కానీ వీళ్లకి అది డిసర్టేషన్, అంటే కోర్సు చివరి పెద్ద ప్రాజెక్టు, రాసే సమయం, మామూలుగా సెలవు కింద లెక్క కాదు, అప్పుడూ ఆ 20 గంటలే. లెక్కల్లో చూపించం, చేతికి క్యాష్ ఇస్తాం అనేవాడు మనవాడైనా సరే, వద్దని వచ్చేయండి. ఇంటి దగ్గర అప్పు చేసి పంపారు, వీసా పోతే ఆ అప్పు ఎవరు తీరుస్తారు?

అద్దె ఇంటి గురించి ఒక్క మాట. గది చూడకుండా డబ్బు పంపొద్దు. ఇంగ్లండ్‌లో మామూలు అద్దెలకి ఐదు వారాల అద్దెకి మించి డిపాజిట్ అడగకూడదు, తీసుకున్నది 30 రోజుల్లో ప్రభుత్వం ఆమోదించిన స్కీములో పెట్టాలి. ఏ స్కీమో అడగండి, అడిగితే ఓనరేమీ అనుకోడు.

ఇక చీకటి. అక్టోబరు ఆఖరి ఆదివారం గడియారాలు గంట వెనక్కి తిప్పుతారు, డిసెంబరులో నాలుగింటికే పొద్దుగూకుతుంది. ఇండియాతో తేడా నాలుగున్నర గంటల నుంచి ఐదున్నరకి పెరుగుతుంది. సాయంత్రం ఆరింటికి గదికి చేరి ఫోన్ తీస్తే అక్కడ పదకొండున్నర, అందరూ పడుకొని ఉంటారు. ఆ ఒక్క గంట మనిషిని ఎంత కుంగదీస్తుందో నేను పడ్డాను కాబట్టి చెప్తున్నాను. మధ్యాహ్నం కాస్త వెలుగుండగా బయట నడవండి. దిగులు మరీ ఎక్కువైతే యూనివర్సిటీలో కౌన్సెలింగ్ ఉచితంగా ఉంటుంది, వెళ్లండి. ఇంటికి ఫోన్ చేయడం లంచ్ టైముకి మార్చుకోండి. పన్నెండున్నరకి చేస్తే అక్కడ సాయంత్రం ఆరు, అమ్మ దీపం పెట్టే వేళకి దొరుకుతుంది.