కుక్క మోచేతి మీద నీటిగడ్డ: నీరు తీసినా మళ్లీ ఎందుకొస్తోంది?

ప్రశ్న: మా గ్రేట్ డేన్‌కి 11 నెలలు, బరువు 52 కిలోలు. నెల కిందట ఎడమ ముందుకాలి మోచేయి మీద చిన్న ఉబ్బు కనిపించింది. చూస్తుండగానే పెద్ద నిమ్మకాయంత అయింది. నొక్కితే మెత్తగా ఉంటుంది. ముట్టుకున్నా వాడు ఊరుకుంటాడు, కుంటడం లేదు. ఒకసారి సిరంజితో నీరు తీయించాం, పది రోజుల్లో మళ్లీ నిండింది. ఇంకోసారి తీయించాలా, ఆపరేషనే చేయించాలా? కాల్షియం తక్కువైతే ఇలా వస్తుందని ఒకరన్నారు. నిజమేనా?

జవాబు: ఇంకోసారి తీయించకండి. కారణం తర్వాత చెబుతాను. మీ ఉత్తరం చదువుతుంటే ఈ వారంలోనే రెండో సూది పడేలా ఉంది, అందుకే ముందు ఈ మాట.

మీరు చెప్పిన గుర్తులు హైగ్రోమాకు, అంటే ఎముక కొన మీద చర్మం కింద నీరు చేరే గడ్డకు, సరిపోతున్నాయి. మోచేతి కొన దగ్గర ఎముకకూ చర్మానికీ మధ్య కండ, కొవ్వు పెద్దగా ఉండవు. మీ మోచెయ్యి తడిమి చూసుకోండి, అక్కడా అంతే. మీ వాడు పడుకునేటప్పుడు ఒకసారి పక్కన కూర్చుని గమనించండి. ముందుకాళ్లు మెల్లగానే వంచుతాడు గానీ, చివరి జానెడు ఎత్తు నుంచి ధబ్బున కూలబడతాడు. ఆ బరువుతో గట్టి నేలకు మొదట తగిలేది మోచేతి కొనే. దెబ్బ మీద దెబ్బ పడుతుంటే అక్కడి కణజాలం నలిగి వాస్తుంది. దాని చుట్టూ నారలాంటి గట్టి గోడ కట్టుకుంటుంది, లోపల పసుపుగానో కాస్త ఎర్రగానో పల్చటి ద్రవం చేరుతుంది. ఇది చీమూ కాదు, కేన్సరూ కాదు. ఒకరకంగా శరీరం తనకు తాను కుట్టుకున్న దిండు.

పనిచేసే చేతులు కాయలు కాచినట్టే పెద్ద కుక్కల మోచేతులూ కాస్తాయి. వెంట్రుకలు రాలి, చర్మం బూడిదరంగులో మొద్దుబారుతుంది. చూడ్డానికి బాగోదు కానీ అది రక్షణే. చిక్కల్లా ఆ కాయ కాయకముందే ఒళ్లు పెరిగిపోయే వయసులో. గ్రేట్ డేన్, మాస్టిఫ్, సెయింట్ బెర్నార్డ్, లాబ్రడార్ పిల్లల్లో ఈ గడ్డలు ఎక్కువగా 6 నుంచి 18 నెలల మధ్య కనిపించేది అందుకే.

ఇక సూది సంగతి. ద్రవం తీసేశారు, బాగుంది. కానీ గోడ అక్కడే ఉంది, నేలా అక్కడే ఉంది. సంచి మళ్లీ నిండక ఏం చేస్తుంది? పైగా సూది దిగిన ప్రతిసారీ చర్మం మీది బ్యాక్టీరియా లోపలికి పోయే దారి దొరుకుతుంది. ఆ సంచి లోపలికి రక్తప్రసరణ తక్కువ, మనం వేసే మందులు కూడా సరిగా చేరవు. నొప్పిలేని నీటిగడ్డ నొప్పి పుట్టే చీముగడ్డగా మారేది చాలాసార్లు ఇలాగే. సంచిలోకి స్టెరాయిడ్ ఎక్కించే పద్ధతీ ఉంది. ఇన్ఫెక్షన్ భయం పెంచే ఆ పనికి నేను ఒప్పుకోను. అనుమానం తీర్చుకోవడానికి డాక్టరు శుభ్రంగా గొరిగి, క్రిమిరహితమైన సూదితో రెండు చుక్కలు పరీక్షకు తీయడం వేరు, గడ్డ తగ్గుతుందని ఖాళీ చేయడం వేరు.

అసలు వైద్యం చేయాల్సింది కుక్కకు కాదు, దాని పడకకు. పరుపు మీద మీ మోచెయ్యి ఆనించి, ఒంటి బరువంతా దాని మీద వేసి చూడండి. కింద నేల తగిలిందా? అయితే 52 కిలోల వాడికి అది పరుపు కాదు, దుప్పటి. కనీసం 10 సెంటీమీటర్ల మందం ఉండి, నొక్కితే పూర్తిగా అణిగిపోని ఫోమ్ కావాలి.

చాలా ఇళ్లలో బెడిసికొట్టేది దీని తర్వాతే. నా దగ్గరికొచ్చే ఒక మాస్టిఫ్‌కి మూడు పరుపులు కొన్నారు. అది మూడింటి మధ్యా ఉన్న టైల్స్ మీద పడుకునేది. వాళ్లు దాని మొండితనం అనుకున్నారు, నిజానికి దానికి ఉక్కపోత. పెద్ద ఒళ్లు త్వరగా చల్లబడదు, చల్లటి నేల ఎక్కడుంటే అక్కడికే పోతుంది. గుడ్డ బిగించిన పొట్టి మంచం, కిందా పైనా గాలి ఆడేది, తెచ్చాక గానీ గడ్డ తగ్గుముఖం పట్టలేదు. కాబట్టి పరుపు ఎక్కడ వేయాలో మీరు నిర్ణయించకండి. వాడు ఇప్పుడు ఎక్కడెక్కడ పడుకుంటున్నాడో రెండు రోజులు చూసి, అక్కడే వేయండి. గుమ్మం ముందూ, మీ కుర్చీ పక్కనా కూడా.

దాంతోపాటు మోచేతి తొడుగు వాడొచ్చు. రెండు ముందుకాళ్లకూ వేసి, భుజాల మీదుగా పట్టీతో కలిపే రకం తీసుకోండి. కాలు కిందికి సన్నబడుతుంది కనుక ఒంటికాలి తొడుగు గంటలోనే జారిపోతుంది. పట్టీ కింద రెండు వేళ్లు దూరాలి. పాదం ఉబ్బినా, వేళ్లు చల్లబడినా వెంటనే విప్పేయండి. రోజూ కాసేపు తీసి, కింద చర్మం ఒరిసిందేమో చూడండి. ఇంట్లో గుడ్డ పీలికలతో బిగించి కట్టే కట్లు మాత్రం వద్దు. వాటివల్ల పడిన పుండ్లు మానడానికి గడ్డ తగ్గడం కన్నా ఎక్కువ కాలం పట్టిన సందర్భాలు చూశాను.

ఎన్నాళ్లు? చిన్నవైతే కొన్ని వారాలు, మీ వాడి సైజుకి నెలలు కూడా పట్టొచ్చు. రోజూ చూస్తే తేడా తెలియదు. వారానికోసారి, వాడు నిలబడి ఉన్నప్పుడు, పక్కన ఒకే నాణెం పెట్టి ఫోటో తీయండి. గడ్డ పెరగకుండా ఆగినా అది మెరుగే. చివరికి కాస్త వదులు చర్మం, ఓ కాయ మిగిలిపోతే వదిలేయండి.

ఆపరేషన్‌కి తొందరలేదు. బాగా పెద్దదై, చీముపట్టి, పుండుపడి, దేనికీ లొంగనప్పుడే దాని ఊసు. సన్నని రబ్బరు గొట్టాలు పెట్టి కొన్ని వారాలు ద్రవం బయటికి పోనివ్వడం గానీ, చర్మంతో సహా తీసేయడం గానీ చేస్తాం. కానీ కుట్లు వేసిన చోటు మీదే వాడు మళ్లీ పడుకోవాలి, ప్రతి అడుగుకూ అది వంగాలి. కుట్లు విచ్చుకోవడం ఇక్కడ మామూలు. అప్పుడైనా మెత్తటి పడక లేకపోతే కథ మొదటికే వస్తుంది.

కాల్షియానికీ దీనికీ సంబంధం లేదు. పెద్ద జాతి పిల్లల కోసం తయారైన పూర్తి ఆహారం పెడుతుంటే దాని మీద కాల్షియం పొడులు, సిరప్‌లు అసలు వద్దు. ఎదిగే వయసులో అది మోతాదు మించితే ఎముకల ఎదుగుదలే దెబ్బతింటుంది. బరువు మీద మాత్రం కన్నేయండి. అరచేయి పక్కటెముకల మీద తేలిగ్గా జరిపితే ఎముకలు తెలియాలి. వెతుక్కోవాల్సి వస్తే తిండి కొంచెం తగ్గించాలి.

ఇప్పటిదాకా చెప్పిందంతా అది హైగ్రోమా అనుకుని. గడ్డ మోచేతి వెనక కొనమీద, చర్మం కింద ఉండి, ఒకపక్క నొక్కితే రెండోపక్క ఉబ్బుతుంటే దాదాపు అదే. వాపు మోచేతికి అటూ ఇటూ ఉండి, కాలు మడిచి చాపేటప్పుడు లాక్కుంటుంటే, లేవగానే బిగుసుకుని కుంటుతుంటే అది కీలు వ్యవహారం. ఈ వయసు పెద్ద జాతుల్లో మోచేతి కీలు సరిగ్గా ఏర్పడని జబ్బు, ఎల్బో డిస్‌ప్లేసియా ఉంటుంది, ఎక్స్‌రే తీయాలి. గడ్డ రాయిలా గట్టిగా ఉన్నా, ఎముకకు అతుక్కున్నట్టున్నా పరుపులతో కాలక్షేపం చేయకుండా పరీక్ష చేయించండి.

మీరు ఒకసారి సూది వేయించారు కాబట్టి ఈ రెండు వారాలు రోజూ ఆ చోట చెయ్యి పెట్టి చూడండి. చుట్టుపక్కల కన్నా వేడిగా, ఎర్రగా ఉన్నా, ముట్టుకుంటే వాడు ఉలిక్కిపడినా, అదేపనిగా నాకుతున్నా, తడి కారినా, మలద్వారంలో పెట్టిన థర్మామీటరు 103 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటినా ఆ రోజే డాక్టరుకు చూపించండి. దారిలో ఏదో ఒకటి వేద్దామని ఇంట్లోని ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్, పారాసెటమాల్ జోలికి పోవద్దు. మొదటి రెండూ కుక్క పొట్టలో పుండ్లు చేసి మూత్రపిండాలు పాడుచేస్తాయి, మూడోది కాలేయాన్ని.

వాడి కుడి మోచెయ్యి కూడా తడమండి. అదీ ఈ నేల మీదే పడుతోంది.