క్యాంపస్ ఈ-వేస్ట్: ముందు స్టాక్ రిజిస్టర్ తెరిపించండి

మీ యూనివర్సిటీలో ఈ-వేస్ట్ (పాడైన, పాతబడిన ఎలక్ట్రానిక్ సామాను) కోసం బ్లాకుకో డబ్బా పెడితే సరిపోతుందా అని అడిగారు. సరిపోదు. హైదరాబాద్‌లోనే ఒక యూనివర్సిటీ కంప్యూటర్ ల్యాబ్‌లో చాలా ఏళ్లు పనిచేశాను కాబట్టి గట్టిగా చెబుతున్నాను. డబ్బాల్లో పడేవి పిల్లల ఛార్జర్లు, ఇయర్‌ఫోన్లు. అసలు సరుకు, అంటే పాత కంప్యూటర్లు, మానిటర్లు, తాళం వేసిన గదుల్లో ఉంటుంది.

పాడైన కంప్యూటర్‌ను స్టాక్ రిజిస్టర్‌లోంచి కొట్టేయాలంటే కమిటీ కూర్చుని కండెమ్ చేయాలి (ఇక పనికిరాదని తేల్చాలి), అందరూ సంతకాలు పెట్టాలి. రేపు ఆడిట్‌లో తన పేరు వస్తుందేమోనని ఎవరూ పెట్టరు. ఈలోగా డిపార్ట్‌మెంట్ హెడ్ మారతారు, ఫైలు మళ్లీ మొదటికొస్తుంది. ర్యామ్ మార్చి ఏ ప్రభుత్వ బడికో ఇవ్వదగ్గ మెషిన్లు కూడా ఆ గదిలోనే తుక్కయిపోతాయి. మరోపక్క మార్చి వచ్చిందంటే బడ్జెట్ మురిగిపోతుందని అవసరం లేకపోయినా కొత్త ప్రింటర్లు కొంటారు!

మా దగ్గర చివరికి వేలం వేశారు. ఎక్కువ పాడినవాళ్లదే సరుకు. కొనేవాళ్లకు రీసైక్లర్ రిజిస్ట్రేషన్ ఉండాలని టెండర్ కాగితంలో ఒక్క ముక్క లేదు. ట్రాలీ ఆటోలో వచ్చిన ఇద్దరు కుర్రాళ్లు పాత సీఆర్‌టీ మానిటర్లను (వెనక పెద్ద గాజు ట్యూబ్ ఉండేవి) ల్యాబ్ వెనకాల నేల మీద పెట్టి సుత్తులతో పగలగొట్టడం మొదలుపెట్టారు. చేతులకు గ్లౌజుల్లేవు, కాళ్లకు హవాయి చెప్పులు. ట్యూబ్ మెడ విరిచి, రాగి కాయిల్ లాగి గోనెసంచిలో వేసుకుని, గాజంతా కాంపౌండ్ గోడ పక్కకు తోసేస్తున్నారు. ఆపమంటే, "గాజు ఎవరు కొంటరు సార్? బండికి బరువు తప్ప ఏం లేదు" అన్నాడు పెద్దవాడు. ఆ ట్యూబ్ వెనక భాగం గాజులోనే విషపు లోహం సీసం (లెడ్) ఉంటుంది. రెండోవాడికి మా ఫస్టియర్ పిల్లల వయసు కూడా ఉండదు. స్టోర్స్ ఆఫీసుకు పరుగెత్తితే, "గేట్ పాస్ ఇచ్చేశాం, ఇక అది వాళ్ల సరుకు" అన్నారు. సరుకు వాళ్లదే కావచ్చు, ఆ గాజు పడింది మన నేల మీద కాదా? హార్డ్‌డిస్కులు కూడా తుడవకుండానే పోయాయి, పిల్లల మార్కులతో సహా.

ఈ-వేస్ట్ నిబంధనలు, 2022 ప్రకారం (2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్నాయి) వాటి షెడ్యూల్‌లో (జాబితాలో) ఉన్న పరికరాలు ఒక ఆర్థిక సంవత్సరంలో కనీసం 1000 వాడే సంస్థ బల్క్ కన్స్యూమర్, అంటే పెద్ద వాడకందారు. ల్యాబులు, ఆఫీసులు, హాస్టళ్లు కలిపితే పెద్ద క్యాంపస్ ఆ లెక్క దాటే అవకాశమే ఎక్కువ. అలాంటి సంస్థ తన ఈ-వేస్ట్‌ను రిజిస్టర్ అయిన ప్రొడ్యూసర్‌కో (ఆ పరికరాల కంపెనీకో), పాతవి బాగుచేసే రిఫర్బిషర్‌కో, రీసైక్లర్‌కో మాత్రమే ఇవ్వాలి. ఎక్కువ పాడినవాళ్లకు ఇచ్చేశామంటే కుదరదు. సర్క్యూట్ బోర్డుల నుంచి లోహాలు తీసే పద్ధతుల మీద మన హైదరాబాద్ చర్లపల్లిలోని సీ-మెట్ అనే కేంద్ర ప్రభుత్వ పరిశోధన సంస్థలోనే పని జరిగింది. ఊళ్లో ఇంత పెట్టుకుని సుత్తి దెబ్బలకు వదిలేయడం నాకు మింగుడుపడదు.

అందుకే డబ్బా కోసం అర్జీ పెట్టకండి. కండెమ్ కమిటీ చివరిసారి ఎప్పుడు కూర్చుంది, సరుకు ఎవరికి ఇచ్చారు, వాళ్ల రిజిస్ట్రేషన్ నంబరు ఏమిటి అని రిజిస్ట్రార్‌ను రాతపూర్వకంగా అడగండి. ప్రభుత్వ యూనివర్సిటీ అయితే సమాచార హక్కు చట్టం కింద అడగండి, 30 రోజుల్లో జవాబివ్వాలి. యూపీఎస్ బ్యాటరీల సంగతి అదే కాగితంలో విడిగా రాయండి, వాటికి 2022 బ్యాటరీ వ్యర్థాల నిబంధనలు వేరే ఉన్నాయి.