తోయోఆకెలో రెండు గంటల నిబంధన: పిల్లవాడి మాంగా పుస్తకాలు దాచెయ్యాలా?

సందేహం: ఈ మధ్యనే జపానులో ఐచి ప్రిఫెక్చర్ (రాష్ట్రం లాంటిది) లోని తోయోఆకె పట్టణానికి వచ్చాం. రోజుకు రెండు గంటలకు మించి ఫోను చూడకూడదని ఇక్కడ శాసనం ఉందట. మా పదేళ్ల బాబు గేములు, మాంగా (జపాను బొమ్మల కథల) పుస్తకాలు వదలడు. జరిమానా వేస్తారా? వీసా పొడిగింపుకు అడ్డు వస్తుందా? భయపడి పుస్తకాలన్నీ అటక మీద పెట్టేశాను.

అమ్మా, ముందు ఆ పుస్తకాలు కిందికి దించండి.

వీసాకూ దీనికీ ఏ సంబంధమూ లేదు. ఇక్కడివాళ్లు 'జోరెయి' అనేది స్థానిక సభ చేసుకున్న శాసనాన్ని. తోయోఆకెలో 2025 అక్టోబరు 1న అమలులోకి వచ్చిన జోరెయిలో జరిమానా లేదు, శిక్ష లేదు. ఉద్యోగం, చదువు పోగా మిగిలిన వేళల్లో ఫోను రెండు గంటల లోపు ఉంటే మంచిదని సూచించారు, అంతే. అది పిల్లలకే కాదు, మీకూ మీవారికీ కూడా. ప్రాథమిక పాఠశాల పిల్లలు రాత్రి 9కి, అంతకు పెద్దవాళ్లు 10కి ఫోను పక్కన పెట్టాలన్నారు. నిద్ర పాడవుతోందన్నదే వారి ఆందోళన. అందులో నాకు తప్పేమీ కనబడదు.

ఇంతకంటే గట్టి అంకె వేసింది షికోకు దీవిలోని కాగావా ప్రిఫెక్చర్. 2020 ఏప్రిల్ నుంచి అక్కడ 18 ఏళ్ల లోపు వారికి బడి రోజున 60 నిమిషాలు, సెలవు రోజున 90 నిమిషాలే వీడియో గేములు. దానికీ శిక్ష లేదు. ఇంటి సంగతుల్లో ప్రభుత్వ జోక్యం ఏమిటని ఒక హైస్కూలు విద్యార్థి తల్లితో కలిసి కోర్టుకు వెళ్లాడు. 2022 ఆగస్టులో తకమత్సు జిల్లా కోర్టు ఆ దావాను కొట్టేసింది.

బొమ్మల కథల మీద బెంగ ఇంకా పాతది. 1955లో తల్లుల సంఘాలు 'చెడ్డ పుస్తకాల'ను తరిమేయాలని ఉద్యమం నడిపినప్పుడు పేరొందిన మాంగా రచయిత ఒసాము తెజుకా కథలు కూడా నిందల పాలయ్యాయి. ఈనాడు అవే కథలు బడి గ్రంథాలయాల్లో ఉన్నాయి. అందుకే అధికారుల మాటను గౌరవంగా విని, మన పిల్లవాడు చేతిలో పట్టుకున్న పుస్తకాన్ని మన కళ్లతో చూడాలంటాను. పెద్దల కోసం గీసినవీ ఉంటాయి, నిజమే. ప్రధాన కన్వీనియెన్స్ స్టోర్లు 2019లో వాటిని అమ్మడం ఆపాయి. పుస్తకాల దుకాణంలో వాటి అర వేరుగా ఉంటుంది.

పదేళ్లవాడికి మాంగా ఎందుకు కావాలో చెబుతాను. పిల్లల పత్రికల్లో ప్రతి కంజి (చైనా లిపి నుంచి వచ్చిన) అక్షరం పక్కన చిన్న హిరగానాలో, అంటే పలికే ధ్వనిని రాసే తేలిక లిపిలో, ఉచ్చారణ వేస్తారు. దాన్ని ఫురిగానా అంటారు. మా అమ్మాయి తొమ్మిదో ఏట ఇక్కడికి వచ్చినప్పుడు ఆరు నెలలు తరగతిలో నోరు విప్పలేదు. పాఠ్యపుస్తకం తెరిస్తే ఏడ్చేది. ఫుట్‌బాల్ కథ ఒకటి చేతికిచ్చాక, తర్వాత ఏమవుతుందో తెలుసుకోవాలన్న ఆత్రంతో తనే చదువుకుంది. దాని గురించి మాట్లాడటానికే పక్క బల్ల అమ్మాయి దగ్గరికి వెళ్లింది. మొదటి స్నేహం అలా కుదిరింది. ఆ పుస్తకం లాగేసి ఉంటే ఏమయ్యేదోనని ఇప్పటికీ నాకు గుండె ఝల్లుమంటుంది. గేములూ అంతే. సాయంత్రం పార్కులో నలుగురు పిల్లలు ఒక తెర చుట్టూ చేరితే, అందులో మీవాడూ ఉండాలి.

జాగ్రత్త పడవలసింది డబ్బు దగ్గర. మా చిన్నవాడు నా ఫోనులో నమోదై ఉన్న కార్డుతో ఆటలో లాటరీ పద్ధతి వస్తువులు కొన్నాడు. దీన్ని గాచా అంటారు. నెల చివర 40,000 యెన్లకు పైగా బిల్లు వచ్చింది. నేను వాడిని కొట్టాను. ఆ చెంపదెబ్బకు ఈనాటికీ బాధపడుతున్నాను. మర్నాడు 188కి ఫోను చేశాను. అది దగ్గరలోని వినియోగదారుల కేంద్రానికి కలుపుతుంది. పెద్దల అనుమతి లేకుండా 18 ఏళ్ల లోపు పిల్లలు చేసుకున్న కొనుగోలును రద్దు చేసుకునే హక్కు ఇక్కడి సివిల్ కోడ్‌లో ఉంది. వయసు అడిగిన చోట పిల్లవాడు పెద్దవాడినని నమ్మించి ఉంటే మాత్రం కష్టం. కాబట్టి ఏ పేరుతో, ఏ వయసుతో ఖాతా తెరిచారో ముందే చూసుకోండి.

గేము కొనేటప్పుడు పెట్టె ముందువైపు కింద ఎడమ మూలలో అక్షరం చూడండి. 'ఎ' అందరికీ, 'బి' 12 ఏళ్ల నుంచి, 'సి' 15, 'డి' 17, 'జెడ్' 18 నిండినవారికే. బాబుకు ఫోను తీసుకుంటే అది పిల్లవాడికేనని దుకాణంలో తప్పక చెప్పండి. 18 ఏళ్ల లోపు వారి ఫోన్లకు చెడు సైట్లను అడ్డుకునే వడపోత పెట్టాలని చట్టమే ఉంది. మీ పేరు మీద తీసుకుని ఊరుకుంటే అది ఉండదు.

రాత్రి తొమ్మిదికి బాబు ఫోనుతోపాటు మీ ఇద్దరివీ వంటింట్లో ఒకే చోట చార్జింగుకు పెట్టండి. కార్డు వివరాలు మాత్రం ఈ రాత్రికే తీసేయమని మీవారికి చెప్పండి.