గోడలో వేసే కేబుల్ గురించి అల్లుడికి

ఒరేయ్ అల్లుడూ,

గోడలకు గాడి కొట్టిస్తున్నారు, ఇంటర్నెట్‌కు క్యాట్ 8 రకం నెట్‌వర్క్ కేబుల్ కొననా మామయ్యా అని అడిగావు కదా. వద్దురా. అది సర్వర్ రూముల్లో దగ్గర దగ్గరగా ఉండే రాక్‌ల మధ్య వేసేది. 40 గిగాబిట్ల వేగం నిజమే కానీ అది 30 మీటర్ల దాకానే, పైగా లావుగా, బిరుసుగా ఉండి పైపు వంపుల్లో లాగడానికి ప్రాణం తీస్తుంది. నీకొచ్చే ఇంటర్నెట్ 300 ఎంబీపీఎస్. దానికి పాత క్యాట్ 5ఈ చాలు, అది 100 మీటర్ల వరకు 1 గిగాబిట్, అంటే 1000 ఎంబీపీఎస్, మోస్తుంది.

అయినా నువ్వు క్యాట్ 6 వేయించు. గోడలో పెట్టింది ఇరవై ఏళ్లయినా ఉండాలి, మళ్లీ పగలగొట్టలేం. 55 మీటర్ల లోపు అది 10 గిగాబిట్లకూ పనికొస్తుంది, మీ ఇంట్లో ఏ గదికీ అంత దూరం రాదు. ఆఫీసు కడుతుంటే క్యాట్ 6ఏ వేయమనేవాణ్ణి, అందులో అదే వేగం పూర్తిగా 100 మీటర్లు వెళ్తుంది.

నంబర్ కంటే నాకు ఎక్కువ టెన్షన్ రాగి గురించే. సీసీఏ అని ఒకటి అమ్ముతారు, అల్యూమినియం తీగ మీద రాగి పూత, డబ్బా మీద మాత్రం దర్జాగా క్యాట్ 6 అని ఉంటుంది. చవకగా వస్తోందని ఒక అపార్ట్‌మెంట్‌లో సీసీ కెమెరాలకు అదే వేశాను. పగలంతా బాగానే ఉండేవి, చీకటి పడి కెమెరాల్లో ఇన్‌ఫ్రారెడ్ లైట్లు వెలగగానే దూరంగా ఉన్నవి ఆగిపోయేవి. ఆ కేబుల్‌లోనే కరెంటూ వెళ్లాలి, అల్యూమినియానికి రెసిస్టెన్స్ ఎక్కువ, లోడ్ పెరిగితే చివరికి చేరేసరికి వోల్టేజ్ పడిపోతుంది. కారణం తెలిసేసరికి వారం పట్టింది, కేబుల్ మొత్తం నా డబ్బుతోనే మార్చాను. అందుకే డబ్బా మీద సాలిడ్ కాపర్ అని ఉందో లేదో చూడు, అంతటితో నమ్మకుండా తీగను బ్లేడుతో గీకు, లోపల తెల్లగా కనిపిస్తే తిరిగిచ్చెయ్.

కరెంటు వైర్లున్న పైపులోనే దీన్నీ తోసేస్తామంటారు, ఒప్పుకోకు, వేరే పైపు వేయించు. కేబుల్ చివర జాక్ కొట్టేటప్పుడు లోపలి తీగల జతల మెలికలు అర అంగుళం కంటే ఎక్కువ విప్పనివ్వకు, రెండు చివర్లా రంగుల వరుస ఒకటే ఉండాలి. ప్లాస్టరింగ్‌కు ముందే ప్రతి లైనుకూ ల్యాప్‌టాప్ పెట్టి చూడు. 1 గిగాబిట్ రావాల్సిన చోట 100 ఎంబీపీఎస్ చూపిస్తే ఎక్కడో ఒక తీగ సరిగా కూర్చోలేదని అర్థం.

డబ్బు కట్టే ముందు గీకిన తీగ ఫోటో నాకు వాట్సాప్‌లో పెట్టు.

మీ మామయ్య