కట్టిన ఫీజు దండగ కాలేదు

ప్రశ్న: మాది టెక్కలి, చిన్న గ్రానైట్ పాలిషింగ్ ఫ్యాక్టరీ ఉంది. అమ్మాయి సివిల్ ఫైనలియర్. భవనాల కార్బన్ లెక్కలు కట్టడానికని వన్ క్లిక్ ఎల్‌సీఏ అనే సాఫ్ట్‌వేర్ కోర్సు చేయించాను (ఎల్‌సీఏ అంటే వస్తువు పుట్టుక నుంచి పారేసేదాకా పర్యావరణం మీద పడే భారం లెక్కట). ఇప్పుడు ఉద్యోగ ప్రకటనల్లో ఓపెన్‌ఎల్‌సీఏ, సిమాప్రో అనే వేరే సాఫ్ట్‌వేర్‌లు అడుగుతున్నారట. మళ్ళీ ఫీజు కట్టాలా?

జవాబు: వద్దండీ, ఇప్పుడే కట్టకండి. నేర్చుకున్నది ఎక్కడికీ పోదు.

వన్ క్లిక్‌ను భవనాల కోసమే తయారుచేశారు. రెవిట్ అనే డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో గీసిన భవనం మోడల్ నుంచి సామగ్రి పరిమాణాలు తనే లాక్కుంటుంది. మిగతా రెండూ సబ్బుబిళ్ళ నుంచి రాతిపలక దాకా దేనికైనా వాడేవి, అందుకే వాటిలో చేతిపని ఎక్కువ. ఓపెన్‌ఎల్‌సీఏ ఉచితమే గానీ, ఏ వస్తువుకు ఎంత కార్బన్ వంటి అంకెలుండే ఎకోఇన్వెంట్ లాంటి డేటాబేస్ విడిగా కొనాలి. డౌన్‌లోడ్ చేసుకున్నాక ఈ సంగతి తెలిసి ఉసూరుమనేవాళ్ళే ఎక్కువ. నేర్చుకోవడానికి ఉచిత డేటాబేస్‌లు చాలు.

కోర్సులో లెక్కకట్టిన ఇంటినే ఓపెన్‌ఎల్‌సీఏలో మళ్ళీ లెక్కకట్టమనండి. పాత లైసెన్సు గడువు తీరకముందే పరిమాణాల పట్టిక, ఎంచుకున్న డేటా పేర్లు ఎక్సెల్‌లోకి దించుకోవాలి. వన్ క్లిక్ ప్రాజెక్టు ఫైలు ఓపెన్‌ఎల్‌సీఏలో తెరుచుకోదు, పనికొచ్చేది ఆ పట్టికే.

రెండు చోట్లా ఒకే అంకె రాదు. అమ్మాయి టెన్షన్ పడుతుంది, పడనివ్వండి. ఇంటర్వ్యూలో చెప్పుకోదగ్గ పని ఆ తేడాను పట్టుకోవడమే. ముందు సిమెంటు చూడాలి. మామూలు పోర్ట్‌లాండ్ సిమెంటు కిలోకు సుమారు 0.9 కిలోల కార్బన్ డయాక్సైడ్, అంటే 50 కిలోల బస్తాకు 45. మన కొట్లో తెచ్చిన బస్తా మీద పీపీసీ (పోర్ట్‌లాండ్ పొజొలానా సిమెంటు) అని ఉంటే అందులో 15 నుంచి 35 శాతం ఫ్లైయాష్, అంటే థర్మల్ కేంద్రాల బూడిద, ఉన్నట్టు, అంకె బాగా దిగాలి. తర్వాత దశలు. భవనాల లెక్కలకున్న ఈఎన్ 15978 అనే యూరప్ ప్రమాణంలో ఏ1 నుంచి ఏ3 దాకా దశలు ఫ్యాక్టరీ గేటు వరకే, సైటుకు లారీలో తేవడానికయ్యే కార్బన్ ఏ4. ఒక దాంట్లో ఏ4 కలిసి, ఇంకోదాంట్లో కలవకపోతే తేడా రాక ఏమవుతుంది? ఇంటి ఆయుష్షు 50 ఏళ్ళు పెట్టిందో 60 పెట్టిందో కూడా చూసుకోమనండి.

ఇక మీ రాయి. విదేశీ డేటాబేస్‌లో ఉన్న గ్రానైట్ టెక్కలి గ్రానైట్ కాదు. ఓపెన్‌ఎల్‌సీఏలో మీ రాయి కోసి పాలిష్ పట్టే ప్రక్రియను అమ్మాయి సొంతంగా రాసుకోవచ్చు. మన దేశంలో యూనిట్ కరెంటుకు సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ పడుతుంది. ఏడాది కరెంటు బిల్లులు, డీజిల్ రసీదులు, కోసి పాలిష్ పట్టిన చదరపు అడుగుల లెక్క ఇంటికి తెచ్చి ఆమె చేతికివ్వండి.