భారతంలో వేషం కట్టబోతున్న మేనల్లుడికి

చిరంజీవి అల్లుడికి, మామ ఆశీస్సులు.

ఈసారి భారతంలో, అదే పగలు హరికథ, రాత్రి వీధినాటకంగా మహాభారత కథ నడిచే ఉత్సవంలో, అర్జునుడి వేషం నీకిచ్చారని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. చాలా సంతోషం. తిరుపతి మహతి ఆడిటోరియంలో నువ్వాడిన నాటిక చూశాను, బాగా చేశావు. కానీ అది గంట నాటిక. ఉన్న గొంతంతా ఆ గంటలో ఖర్చు పెట్టేసి ఇంటికెళ్ళి పడుకోవచ్చు. ఇక్కడ ఉత్సవం 18 రోజులు. అందులో సగం రాత్రులైనా ఆట ఉంటుంది, పదింటికి తెర కడితే తెల్లారేదాకా. మొదటి రాత్రి ఈలలు పడ్డాయని రెచ్చిపోయి, నాలుగో రాత్రికి పద్యం ఎత్తుకోలేక హార్మోనియం వైపు బిక్కమొహం వేసుకుని చూసినవాళ్ళు నాకు బాగా తెలుసు.

అందుకని, అన్ని రాత్రులూ ఒకేలా ఆడాలని చూడకు. ద్రౌపది కల్యాణం రాత్రి నీది, అక్కడ గొంతు విప్పు. కీచక వధ రాత్రి భీముడిది, నువ్వు బృహన్నలవి, తగ్గి ఉండు. మైకు ఉండగా అరవడం ఎందుకో నాకిప్పటికీ అర్థం కాదు. గొంతు బరువెక్కితే సిగ్గుపడకుండా హార్మోనిస్టును అర శ్రుతి తగ్గించమను. జనానికి తెలియదు, తెలిసినా ఏమనుకోరు. కరక్కాయ ముక్క బుగ్గన పెట్టుకో. ఆట రోజుల్లో రాత్రి సంగటి, పెరుగు వద్దు, ఏడింటికే ఇంత అన్నం తినేసెయ్. భుజకీర్తుల తాడు కింద మెత్తటి గుడ్డ వేసుకోకపోతే మూడో రోజుకి చర్మం లేస్తుంది.

డ్యూటీ లేని పూట మధ్యాహ్నం హరికథకు పోయి కూర్చో. నిద్ర చెడుతుందంటావు, తెలుసు. అయినా ఒక గంట కూర్చో. పగలు భాగవతార్ చెప్పిన కథే రాత్రి నువ్వాడేది. ఏ ఘట్టంలో ముసలమ్మలు కళ్ళు తుడుచుకున్నారో అక్కడే తెలిసిపోతుంది. కథ వాళ్ళకు నీకంటే బాగా వచ్చు కాబట్టి విడమరిచి చెప్పే పని పెట్టుకోకు. పద్యం మింగేస్తే మాత్రం పొద్దున టీ అంగట్లో నిలదీస్తారు! 2022లో చిత్తూరు జిల్లా ముక్కలైనా ఈ విషయంలో చిత్తూరు పక్కా, తిరుపతి పక్కా ఒకటే.

మూడు గంటలప్పుడు ముందు చాపల మీద పిల్లలు, వెనక పెద్దలు నిద్రలో ఉంటారు. దానికి టెన్షన్ పడి గంతులెయ్యకు. మెలకువగా ఉన్న నలుగురి కోసం ఆడు.

ఇక అర్జునుడు పాశుపతాస్త్రం కోసం తపస్సుకని తాటిమాను ఎక్కే రోజు. ముందు రాత్రి నీ భాగం తగ్గించమని మీ గురువును ఇప్పుడే అడిగి పెట్టుకో. తాటిమాను ఎక్కేటప్పుడు ఒక్కో మెట్టు దగ్గర పద్యం ఆపి ఊపిరి తీసుకో, ఎవరూ తొందరపెట్టరు. ఎక్కే ముందు మెట్లన్నీ నువ్వే తట్టి చూసుకో, ఇంకొకడు చూశాడులే అనుకోవద్దు. కింద తడిచీరలతో సాష్టాంగపడి ఉన్న ఆడవాళ్ళు పిల్లలు కలగాలని మొక్కుకుని వచ్చినవాళ్ళు. వాళ్ళ దృష్టిలో ఆ పూట నువ్వు మా అక్క కొడుకువి కాదు, ఉద్యోగస్తుడివీ కాదు. కాబట్టి అక్కడ నటన వద్దు. స్నేహితులు వీడియో తీస్తున్నారని చేతులు ఊపడం అసలే వద్దు. నిమ్మకాయలు, విభూది విసిరేటప్పుడు ముందు వరసకే కాకుండా నాలుగు దిక్కులకూ విసురు. వెనకాల మూలన ఉన్నామె కూడా అంతే నమ్మకంతో వచ్చింది. పైన గాలికి పద్యం కొట్టుకుపోతుంది, సాగదీసి పాడకుండా మాటలు విడివిడిగా పలుకు.

చివరి రోజు దుర్యోధన వధలో భీముడిదీ దుర్యోధనుడిదీ హడావిడి. నువ్వు పక్కన నిలబడితే చాలు. సాయంత్రం అగ్నిగుండం అయ్యేసరికి ఒళ్ళు నీ మాట వినదు. మర్నాటికి లీవు ఇప్పుడే రాసి పెట్టు, ఆఖరి నిమిషంలో అడిగితే మీ ఆఫీసులో ఇవ్వరు. రంగు తుడుచుకోవడానికి కొబ్బరినూనె, రెండు పాత పంచెలు మీ అత్త సంచిలో పెట్టి పంపుతోంది.

మీ మామ